నల్లబండలో నీలం కుట్ర

ఆ ఉదయం నల్లబండలో ఒక ఆస్పత్రి హత్యకు గురైంది. ఇంకా కట్టని ఆస్పత్రి.

కత్తి లేదు, తుపాకీ లేదు. మాస్టర్ ప్లాన్ మ్యాపులో ఎవరో ఒక్క మౌస్ క్లిక్ చేశారు. ప్రజావసరాల స్థలానికి వేసే ఎరుపు పోయి, వ్యాపార స్థలానికి వేసే నీలం వచ్చింది. శవం నీలంగా మారితే విషప్రయోగమని కొత్త కానిస్టేబులుకు కూడా తెలుసు. స్థలం నీలంగా మారితే మాత్రం దాన్ని నగరాభివృద్ధి అంటారు. ఎవరి ఇంట్లో నగలాభివృద్ధి జరిగిందో ఎవరూ అడగరు.

కరీంనగర్‌లో ఒక జిరాక్స్ సెంటర్ పై అంతస్తులో, బోర్డు లేని ఆఫీసు. పేరు ప్లానింగ్ ఇంటెలిజెన్స్ వింగ్. పేరుకే వింగ్, ఫ్యానుకు తప్ప అక్కడ దేనికీ రెక్కల్లేవు. ఆ ఫ్యాను కింద చీఫ్ బాలకిషన్‌రావు నిప్పులు కక్కుతున్నాడు. ఎదురుగా ఏజెంట్ వంశీధర్‌రావు. కోడ్ నేమ్: సర్వే నంబర్ 41.

"ఎవరు సార్ దీని వెనుక?"

"గ్రే క్రేన్. విదేశీ ముఠా. ఏ ఊర్లకైనా ముందు కన్సల్టెంట్ల లెక్క దిగుతరు. కన్సల్టెంట్ అంటే ఎరికేనా? కన్నేసి, సల్లగ టెంటేసేటోడు. ఆస్పత్రి జాగల మాల్ కడుతరట. ఆస్పత్రినేమో ఊరవతల క్వారీ పక్కకు నూకుతరట."

"అంటే ప్లాట్ కోసం ప్లాట్."

"జోకులు బంజెయ్. మ్యాపుల రంగు మారింది గని కౌన్సిల్ ఇంక ఒప్పుకోలే. రేపు జనరల్ బాడీ. టేబుల్ అజెండా తెస్తుండ్రు."

మీటింగు నడుస్తుండగా, ముందు ఎవరికీ చెప్పని ఐటెంను అప్పటికప్పుడు బల్ల మీద పెట్టడమే టేబుల్ అజెండా. నల్లబండ సభ్యులకు ఒక అలవాటుంది: బిర్యానీ వచ్చిందని వినబడగానే ఆనందంతో బల్లలు చరుస్తారు. చైర్మన్ సరిగ్గా ఆ క్షణానికి ఐటెం చదువుతాడు. బిర్యానీకి కొట్టిన చప్పుడు ఐటెంకు ఆమోదంగా రికార్డవుతుంది. కడుపుకు కొట్టడమంటే ఇదే.

"అడ్డం చెప్పేటోళ్లే లేరా సార్?"

"ఒక్కామె. ఐలవ్వ. బొగ్గుబాయి బస్తీ కౌన్సిలర్." బాలకిషన్‌రావు గొంతు తగ్గింది. "పోయిన ఏడు ఆమె కోడలు హర్షిణి నొప్పులతోటి ఆటోల మంచిర్యాలకు పోతుంటే రైల్వే గేటు పడ్డది. బొగ్గు వ్యాగన్లు అన్నీ పోయేసరికి బిడ్డ దక్కలే. ఊర్లనే ఆస్పత్రి తెస్తనని నిలవడి గెలిచింది. మీటింగుల నోరు తెరిస్తే బల్లలు చరిచి ఆమె మాట మింగేస్తరు."

ఆయన ఒక పెన్ను ఇచ్చాడు. "రాయదు. ఇది స్పీకర్. ఐలవ్వ కొంగుకు పెట్టాలె. ఆమె గుసగుస పెట్టినా గోడలదురుతయి. అక్కడ మన మనిషి మధులిక ఉన్నది, గ్రే క్రేన్‌ల కన్సల్టెంటుగ చేరింది. పెన్ను ఆమెకియ్యి, ఆమె పెడతది. గుర్తుకు నువ్వు 'ఏ జోన్ల ఉన్నరు?' అనాలె. ఆమె 'గ్రీన్ జోన్, చెట్టు మాత్రం లేదు' అంటది."

మర్నాడు పొద్దున నల్లబండలో, బాబు మియా హోటల్ ముందు, భుజాన తువ్వాలు, చేతిలో కెటిల్‌తో ఒక కొత్త చాయ్‌వాలా నిలబడ్డాడు. వంశీధర్‌రావే. నల్ల కారొకటి ఆగింది. నల్ల కళ్లద్దాలు, నల్ల చీర, ఎర్ర గోళ్లతో మధులిక దిగింది. ఆ బొగ్గు ఊరికి ఇంకా నలుపు తక్కువైనట్టు!

"ఏ జోన్ల ఉన్నరు మేడం?"

"గ్రీన్ జోన్. చెట్టు మాత్రం లేదు. సామానేది?"

అతను పెన్ను ఇచ్చాడు. ఆమె దాన్ని ముచ్చటగా చూసి, నేల మీద వేసి, చెప్పు మడమతో నలిపింది.

"మధులికా!"

"సర్కారు డబుల్ బెడ్‌రూం ఇంటికి మూడుసార్లు అప్లై చేసిన. దొరకలే. డబుల్ ఏజెంట్ నౌకరీ అడగకుండనే దొరికింది." ఆమె నవ్వింది. ఆ నవ్వులో చలి ఉంది. "నిన్ను కట్టేసే పని గూడ లేదు. పెన్ను లేని గూఢచారి, కెటిల్ పట్టుకున్న చాయ్‌వాలా. వేషం మంచిగ కుదిరింది. గదే చేసుకొని బతుకు."

కారు దుమ్ము కొట్టి వెళ్లింది. వంశీధర్‌రావు పళ్లు నూరుతూ హోటల్లోకి నడిచాడు. కోపంలో ఒక బల్లకు తగిలాడు. అక్కడ కూర్చున్న పెద్దమనిషికి "మాఫ్ చెయ్యి పెద్దయ్యా" అంటూ చెయ్యి చాపాడు. ఆయన చెయ్యి ఇవ్వలేదు, గడ్డం ఊపాడు. ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో సాసర్. సాసర్లో పోసిన చాయ్‌ని ఊదుకుంటున్నాడు. పక్కాయనా అంతే. హోటలంతా అంతే.

"ఫికర్ చేయకు భాయ్," అన్నాడు గల్లాపెట్టె దగ్గర బాబు మియా. "మా ఊరోడు సాసర్ల చాయ్ పోసినంక అల్లుడొచ్చినా చెయ్యి లేపడు. గా మీటింగోళ్లే పేపర్ కప్పులు పంపుమంటరు. పేపర్ కప్పుల చాయ్ ఒక చాయేనా? దవాఖాన మందు!"

వంశీధర్‌రావు తువ్వాలు సవరించుకున్నాడు.

"బాబు మియా, ఇయ్యాల పేపర్ కప్పులు బంద్. కప్పు సాసర్లు తీయి. చాయ్ జర మస్తు వేడి ఉండాలె."

"పలుగుతయి భాయ్!"

"పలగనీ. ఆస్పత్రి దక్కుతది."

 బాబు మియా స్టవ్ మంట పెంచాడు.

ఊరందరికీ భవనాలు ప్లాన్ చేసే నల్లబండ మున్సిపాలిటీకి సొంత భవనం లేదు. మూతబడ్డ బడిలోనే మీటింగు. సభ్యులు పాత వాలు డెస్కుల్లో ఇరుక్కుని కూర్చున్నారు. గోడ మీది తెరపై, వీడియో కాల్‌లో గ్రే క్రేన్ బాస్ బూడిద రంగు కోటులో చిరునవ్వు నవ్వుతున్నాడు. తెర పక్కన మధులిక. ఆమె కెటిల్‌ను చూసి మూతి విరిచింది.

కప్పు సాసర్లలో చాయ్ వరసగా పోస్తూ వచ్చాడు వంశీధర్‌రావు. సభ్యులందరికీ. చైర్మన్ సంతోష్‌రావుకు కూడా. చివరి డెస్కులో ఐలవ్వ దగ్గరికొచ్చి, పక్కకు తిరిగాడు.

"ఓ చాయ్ పిలగా! నేను కండ్లకు ఆన్తలేనా?"

"అయిపోయింది అవ్వా."

"కెటిల్లకెంచి పొగ లేస్తుంది, అయిపోయిందంటవా? వీళ్లు నా మాటకే ఇజ్జత్ ఇయ్యరు. నువ్వు నా నోటికి గుక్కెడు చాయ్ గూడ ఇయ్యవా? థూ, నీ బతుకు!"

అతను తిట్లు మింగి గోడకు ఆనుకున్నాడు.

గేటు దగ్గర బిర్యానీ డేగిసాల చప్పుడైంది. సంతోష్‌రావు గొంతు సవరించాడు.

"టేబుల్ అజెండా. ఆస్పత్రి స్థలం వ్యాపార జోన్‌కు మార్పు. ఇగో, బిర్యానీ గూడ వచ్చింది!"

నిశ్శబ్దం. బల్ల చప్పుడు లేదు. సర్ర్... సర్ర్... అని చాయ్ జుర్రుకునే చప్పుడొక్కటే.

"బిర్యానీ వచ్చింది!" చైర్మన్ మళ్లీ అరిచాడు.

గడ్డాలు ఊగాయి. చేతులు కదల్లేదు.

మధులిక ముఖం పాలిపోయింది. "కప్పులు కింద పెట్టుండ్రి!"

"యాడ పెట్టాలె మేడం? నీ నెత్తి మీదనా?" అన్నాడు ముందు డెస్కు పరశురాములు. వాలు డెస్కు మీద పెట్టబోతే కప్పు జారి, పక్కాయన తెల్లచొక్కా మీద నీలం కాకపోయినా గోధుమ జోన్ ఏర్పడింది. పరశురాములు ఖాళీ అయిన చేత్తో ఆ చొక్కా తుడుస్తుంటే, ఇద్దరూ ఒకరి తాతల్ని ఒకరు తలుచుకున్నారు.

మున్సిపల్ కమిషనర్ ముకర్రం లేచాడు. "చప్పుడు రాలే చైర్మన్ సాబ్. ఇగ చేతులు లేపి ఓటింగే. ఒప్పుకున్నోళ్లు లేపుండ్రి."

సాసర్లు వణికాయి. ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఒప్పుకోనోళ్లు?"

చివరి డెస్కులోంచి ఒక చెయ్యి లేచింది. గాజులు గలగలమన్నాయి. ఆ నిశ్శబ్దంలో ఐలవ్వ గొంతు మొదటిసారి గది నిండా వినబడింది.

"నేను. గా గేటు కాడ ఇంకో బిడ్డ పోవద్దు. ఆస్పత్రి ఉన్న కాడనే ఉండాలె."

చైర్మన్‌కు అప్పుడు వెలిగింది. మరిగే చాయ్‌ని ఒక్క గుక్కలో మింగాడు. కళ్లు బయటికొచ్చాయి. చెయ్యి లేపి, కాలిన నాలుకతో "ఆ... ఆ..." అన్నాడు.

"ఓటింగ్ అయిపోయింది," అన్నాడు ముకర్రం. "అనుకూలం సున్న. వ్యతిరేకం ఒకటి. ఐటెం తిరస్కరణ. మ్యాపుల ఎరుపు మళ్లొస్తది."

తెర మీద బూడిద కోటు మాయమైంది. మధులిక తలుపు వైపు పరుగెత్తింది. బిర్యానీ మోసుకొచ్చిన ఇద్దరు డేగిసా దించి, అడ్డం నిలబడి, మ్యాపు మార్చిన నేరానికి బేడీలు తీశారు. పొద్దున వంశీధర్‌రావు కబురు పెడితే వచ్చిన బాలకిషన్‌రావు మనుషులు. బిర్యానీ తర్వాత డబుల్ కా మీఠా మామూలే. ఈసారి డబుల్ ఏజెంట్‌కు కూడా మర్యాద జరిగింది.

"ఒక్క చాయ్‌తోటి ఓడగొట్టినవా?" ఆమె బుసకొట్టింది.

"చాయ్‌తోటి కాదు. సాసర్‌తోటి."

అతను వేడి చాయ్ పోసి ఐలవ్వ ముందు పెట్టాడు, రెండు చేతులతో. ఆమె చూడనైనా చూడలేదు. "గిప్పుడెందుకు? నువ్వే తాగు." లేచి ఆస్పత్రి స్థలం వైపు నడిచింది. అతను వెనుకే వెళ్లాడు.

వాళ్లు చేరేసరికి అక్కడ ఫ్లెక్సీ వెలిసింది: 'ప్రాణాలొడ్డి ఆస్పత్రిని కాపాడిన మన నాయకులు'. సంతోష్‌రావు, పరశురాములు, తక్కిన సభ్యులు అందరి ఫొటోలూ ఉన్నాయి. అందరి చేతులూ ఖాళీగా, నమస్కారం పెడుతూ. ఐలవ్వ ఫొటో ఒక్కటే లేదు.

"పీకెయ్యాల్నా అవ్వా?" వంశీధర్‌రావు ముందుకు కదిలాడు.

"ఉండనీ," అంది ఐలవ్వ, ఫ్లెక్సీని మోస్తున్న వెదురు కట్టెల్ని గట్టిగా ఊపి చూస్తూ. "ఆస్పత్రికి ముగ్గు పోసిన నాడు నాలుగు దిక్కుల హద్దులు పాతనీకి కట్టెలు గావాలె. బొమ్మలు వాళ్ల ఇండ్లకు పంపిస్త."