మణికి పెట్టిన ముక్క

క్రిస్మస్ ఉదయం చర్చి నుంచి వచ్చిన ఆరోగ్యమేరి పట్టుచీర మార్చుకోకుండానే వంటింట్లోకి నడిచింది. తిరువళ్ళూరులో ఉన్న చుట్టాలందరికీ మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే భోజనం. ఈసారి తిరుత్తణి నుంచి కూతురు జెనిఫర్ కూడా వస్తోంది. తల్లి వద్దన్నా హేమనాథ్‌ని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక ఆ పిల్ల పుట్టింటి గడప తొక్కడం ఇదే మొదలు. పిలిచింది కూడా తల్లి కాదు, అన్న వసంత్.

భర్త హేమనాథ్‌తో కలిసి వ్యాను దిగిన జెనిఫర్ చంకలో గోధుమరంగు కుక్క ఒకటి ఉంది.

"దీని పేరు మణి అన్నా. ఒంటిగా వదిలితే టపాకాయల మోతకు బెదిరిపోతాది. ఆ చిన్నగదిలో పెట్టి తలుపు మూస్తా. ఎవురూ ఏమీ పెట్టొద్దని చెప్పు. కేకు దీనికి ఆగదు, కక్కేస్తాది. ఉడికిన కోడి ఎముకైతే సూదుల్లాగా చీలి గొంతులో గుచ్చుకుంటాది."

ఆరోగ్యమేరి గరిటె ఆపింది. కూతురివైపు చూడకుండా కొడుకును అడిగింది.

"ఏంరా, నా చేతి వంట దాని కుక్కకు కూడా ఆనదంటనా?"

జెనిఫర్ ఏదో అనబోయింది. హేమనాథ్ కళ్ళతోనే వారించాడు.

భోజనాల వేళకు ఇల్లంతా నిండిపోయింది. ఆరోగ్యమేరి అందరినీ కొసరి కొసరి అడుగుతూ వడ్డించింది. కూతురి దగ్గరకొచ్చేసరికి మాత్రం గిన్నె వసంత్ చేతికిచ్చి లోపలికి పోయింది. జెనిఫర్‌కు బిరియానీ మింగుడుపడలేదు. అన్నం కెలుకుతూ కూర్చుంది.

అంతలో చిన్నగదిలో నుంచి కక్కుతున్నట్టు ఒక వింత చప్పుడు వినబడింది. జెనిఫర్ పరుగెత్తింది. తలుపు తెరిచి ఉంది. మణి ముందరికాళ్ళతో మూతిని రక్కుకుంటోంది. చొంగలో నెత్తురు చారలు. పక్కనే విరిగిన ఎముక ముక్క. గుమ్మం దగ్గర ఖాళీ గిన్నెతో తల్లి నిలబడి ఉంది.

"నువ్వేనా పెట్టింది? అంత చెప్పినాను కదా! నామీద పగంతా, పావం, ఈ నోరులేని దానిమీద తీర్చుకున్నావు!"

చుట్టాలంతా బిగుసుకుపోయారు.

వసంత్ కుక్క నోట్లో వేలు పెట్టబోతే జెనిఫర్ ఆపింది. "వద్దన్నా, ఇంకా లోపలికి పోతాది. డాక్టరు ఎవురన్నా ఉండారేమో ఫోన్ చెయ్యి."

హేమనాథ్ వ్యాను తీశాడు. అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది ఆరోగ్యమేరే.

"నువ్వు యాడికి?" అంది జెనిఫర్.

"దాన్ని ఇట్లా ఇయ్యి."

దారి పొడుగునా కొత్త పట్టుచీర నెత్తురూ చొంగా అయింది. ఆమె తుడుచుకోలేదు.

సెలవు రోజైనా ఒక పశువుల డాక్టరు వచ్చి క్లినిక్ తెరిచాడు. హేమనాథ్ మణిని పట్టుకుని లోపలికి పోయాడు. తల్లీకూతుళ్ళు బయట బల్లమీద ఎడంగా కూర్చున్నారు. లోపల మణి మూలుగు వినబడినప్పుడల్లా ఇద్దరూ ఉలిక్కిపడుతున్నారు.

"పగ కాదు జెనీ," అంది తల్లి. "కోడికాలు నీకని తీసిపెట్టినాను. అందరి ముందర నీ ప్లేటులో వెయ్యడానికి చెయ్యి రాలేదు. నువ్వు అమ్మా అని పిలిస్తే వేద్దామనుకున్నా. నువ్వూ పిలవలేదు. దాన్ని బిడ్డ మాదిరి ఎత్తుకుంటావు కదా, దానికి పెడితే నీకు పెట్టినట్టే అనుకున్నా. మెత్తగానే ఉడికింది, ఏం కాదులే అనుకున్నా. నువ్వు చెప్పింది వినుంటే..."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జెనిఫర్ తలవంచుకుంది. వచ్చినప్పటి నుంచి తాను తల్లిని ఒక్కసారైనా పలకరించలేదు.

తలుపు తెరుచుకుంది. "ఎముక పైపళ్ళ మధ్య అడ్డం పడింది, తీసేసినాం. ముక్కలేమన్నా మింగిందేమో కనిపెట్టి ఉండండి. వాంతులైతే వెంటనే తీసుకురండి," అన్నాడు డాక్టరు.

హేమనాథ్ చేతుల్లో మణి నీరసంగా కళ్ళు తెరిచింది. ఆరోగ్యమేరి చెయ్యి చాపబోయి, భయపడి వెనక్కి తీసుకుంది. జెనిఫర్ మణిని అందుకుని తల్లి ఒడిలో పెట్టింది. భుజం ఆనించి పక్కనే కూర్చుంది.

"అమ్మా, ఇంటికి పోదాం పా. నాకు ఆకలేస్తాంది."

ఆరోగ్యమేరి వెక్కివెక్కి ఏడ్చింది.