దింపకుండా వెళ్ళిన జీపు

నాకు ఊళ్ళు తిరగడమంటే పిచ్చి. పెళ్ళయిన కొత్తలోనే మా ఆవిడ పుణ్యవతి "ఒక్కచోట కుదురుగా కూర్చోరు గదా మీరు!" అని నెత్తి కొట్టుకుంది. మాది కృష్ణా జిల్లా. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌ని. కాపురం లింగంపల్లిలో, అద్దె ఇల్లు. బస్సుల కోసం నిలబడి నిలబడి విసుగెత్తి, డెబ్బై రెండులో ఒక పాత జీపు కొన్నాను. నాలుగు చక్రాలూ లాగే బండి. గుట్టలెక్కుతుంది, వాగులు దాటుతుంది. శ్రీశైలం, భద్రాచలం, అహోబిలం... మనసులో అన్నీ అప్పుడే తిరిగొచ్చేశాను.

అమ్మినవాడు రామచంద్రం. రాయదుర్గం గుట్టల్లో రాళ్ళ కాంట్రాక్టరు. నేనేం తక్కువ తిన్నానా? బండి కిందికి దూరి, ఛాసీ అంతా తట్టి చూశాను. ఇంజను నడిపించి చెవిపెట్టి విన్నాను.

"వెనక ఎడమపక్క కుంగింది కదయ్యా!" అన్నాను.

"రాళ్ళు మోసిన బండి కద సారూ. కమాను పట్టీలు మార్పిచ్చుకోండ్రి, అయిపాయె. ఇంజన్ జబర్దస్త్ ఉన్నది. ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. నా మొహంకేసి మాత్రం చూడలేదు. బేరంలో అందరూ అంతేలే అనుకున్నాను.

బాలానగర్‌లో ఎల్లేశం అని మంచి మెకానిక్. అతని దగ్గర కొత్త పట్టీలు వేయించాను. వారం తిరక్కుండా మళ్ళీ ఎడమపక్కే కుంగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏం సరుకయ్యా ఇది? నన్ను వెర్రివాణ్ణి చేద్దామనుకున్నావా?"

"నా మీద ఒర్లుతరేంది సారూ? మీ కండ్లతోటి చూడుండ్రి." జాకీతో బండి ఎత్తి, మెల్లగా దించాడు. ఖాళీ బండి. సమంగా నిలబడింది. మేమిద్దరం చూస్తుండగానే వెనక ఎడమపక్క పట్టీ కిర్రుమంది. ఎవరో కాలు పెట్టి ఎక్కినట్టు ఒకసారి ఊగింది. కుంగింది. అలాగే ఉండిపోయింది.

ఎల్లేశం చేతులు తుడుచుకున్నాడు. "గీ బండి ఎవరి దగ్గర కొన్నరు?"

చెప్పాను.

"అరెరే... రుక్కమ్మను తీస్కపోయిన బండి గదా ఇది!"

రుక్కమ్మ ఆ గుట్టల్లో రాళ్ళు కొట్టే మనిషిట. బండ పేల్చినప్పుడు దెబ్బతగిలి దవాఖానలో పోయింది. వాన ముంచుకొస్తోందని రామచంద్రం ఈ జీపులోనే శవాన్ని నేరుగా బొందలగడ్డకి తోలించేశాడు. "మధ్యల దింపలె సారూ. దింపుడు కళ్ళం చెయ్యలె. చెవుల పేరుపెట్టి పిల్వలె ఎవ్వలు. చిన్నచిన్న పిల్లలు, ఇంటికాడ అన్నం కోసం చూస్తుండె. పాపం, గా పిల్లలకు జెప్పినోడు గూడ లేడు."

దింపుడు కళ్ళం మా వైపూ ఉంది. పాడెని దారి మధ్యలో దింపి, అయినవాళ్ళు చెవిలో పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. అది చెయ్యకుండా మోసుకుపోవడం మహాపాపం అంటారు.

"అమ్మెయ్యండ్రి సారూ," అన్నాడు ఎల్లేశం.

"అమ్మేదేంటయ్యా? జరగాల్సింది జరగలేదు, అంతేగా! నేను జరిపిస్తాను," అన్నాను. నాకు జీపు కావాలి. చచ్చినా వదలదలుచుకోలేదు.

ఆ ఆదివారం పుణ్యవతినీ, మా ఆరేళ్ళ పాప బాలనీ ఎక్కించుకుని గోల్కొండ తీసుకెళ్ళాను. బాలాత్రిపురసుందరి అని మా అమ్మ పేరు పెట్టుకున్నాం. పాప కోటంతా ఎగిరి, కేకలు పెట్టి, తిరుగుదారిలో వెనక సీట్లో కుడిపక్క ముడుచుకుని నిద్రపోయింది. రాయదుర్గం గుట్టల మధ్య బండిబాట. పొద్దు వాలుతోంది. మబ్బు కమ్మేసింది. బండల మీద వెలుతురు ఇంకా ఉంది గానీ బండల సందుల్లో అప్పుడే చీకటి. కూలీలు ఎవరూ లేరు. ఒక్క పురుగు కూడా అరవడం లేదు.

జీపు బరువెక్కింది.

యాక్సిలేటర్ తొక్కినా లాగదు. నాలుగు చక్రాల లీవరు వేశాను. ఎండిన నేల, బురద లేదు, ఎత్తు లేదు. చక్రాలు తిరగవు. ఇంజను ఆగిపోయింది. అప్పుడు వచ్చింది వాసన. తడిసిన రాయి వాసన, దానిమీద కాలిన మందుగుండు వాసన. గుట్ట అవతల ఎక్కడో ఉలి చప్పుడు.

టక్... టక్... టక్...

"ఏమండీ... ఎవరండీ ఈవేళప్పుడు రాళ్ళు కొట్టేది?" అంది పుణ్యవతి.

ఎల్లేశం చెప్పినదంతా ఆమెకి చెప్పాను. "ఇప్పుడే పిలిచేస్తాను. పీడా పోతుంది."

"ఇప్పుడొద్దండీ. పిల్ల ఉంది బండిలో."

"పిల్లేం చేసిందే! నిద్రపోతోంది గదా!" అని కసిరాను. దిగి వెనక్కి వెళ్ళాను. ఎడమపక్క సీటు ఖాళీ. రెక్సిన్ మాత్రం నొక్కుకుపోయి ఉంది. చెవి ఎక్కడుంటుందో అంచనా వేసి వంగాను.

"రుక్కమ్మా."

ఉలి చప్పుడు ఆగింది.

"రుక్కమ్మా."

పట్టీ కిర్రుమంది. కుంగిన పక్క... మెల్లగా... పైకి లేచింది. రెక్సిన్ మీద గుంట పూడింది. చూశావా అన్నట్టు పుణ్యవతికేసి తిరిగాను. ఒట్టు, నాకు నవ్వొచ్చింది కూడా.

"రుక్కమ్మా!"

"ఆఁ... వస్తున్న."

అన్నది బాల. కళ్ళు మూసుకునే ఉంది.

పుణ్యవతి నా చెయ్యి పట్టేసుకుంది. చెవిలో అంది. "ఏమండీ... ఆ పిలుపు పంపించడానికి కాదండీ. ప్రాణం ఉంటే... తిరిగి రమ్మనడానికి."

ఆ తర్వాత బండి పువ్వులా కదిలింది. ఇల్లు చేరాం. బాలని ఎత్తుకుని లోపలికి తెచ్చాను. దించగానే నడిచింది. తిన్నగా వంటింటి గడప దగ్గరికి వెళ్ళి, దండెం మీది తువ్వాలు నెత్తిమీదికి లాక్కుని గొంతుక్కూర్చుంది. గిన్నెలకేసి చూసింది.

"పిల్లలు తిన్నరా?" అంది.

నా బిడ్డకి ఆ యాస రాదు. భుజాలు పట్టుకుని కుదిపేశాను. "బాలా! బాలా! తల్లీ, బాలా!" అది నన్ను ముక్కూమొహం తెలియనివాణ్ణి చూసినట్టు చూసింది.

జవాబు బయటినుంచి వచ్చింది. వాకిట్లో, ఖాళీ జీపులోంచి.

"ఇక్కడున్నా నాన్నా... దిగలేకపోతున్నా."

పిలవని పిలుపు లేదు. మొక్కని దేవుడు లేడు. రుక్కమ్మ పిల్లలు వచ్చి పిలిస్తే ఇంట్లో ఉన్నది వాళ్ళ వెంట వెళ్ళిపోతుందేమో, నా బాల దిగుతుందేమో అని ఎల్లేశం ఊరూరా తిరిగాడు. ఆ పిల్లల్ని ఎవరో ముసలమ్మ కూలిపనులకి దూరదేశం తీసుకుపోయిందన్నారు. దొరకలేదు.

ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఓణీ వేసుకుంటోంది. పుణ్యవతి దానికి జడ వేస్తుంది, అన్నం పెడుతుంది. బాలా అని మాత్రం పిలవదు. ఒక్కోసారి పొయ్యి దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏడుస్తారు. ఎవరి పిల్లల కోసం వాళ్ళు.

జీపులో గొంతు ఇంకా ఆరేళ్ళదే.

నేను ఏ ఊరూ వెళ్ళలేదు. బండికి ఆయిలు మారుస్తాను, బ్యాటరీ చార్జి చేయిస్తాను, వానాకాలం రెండు టార్పాలిన్లు కప్పుతాను. రోజూ సాయంత్రం కాసేపు ఇంజను నడిపిస్తాను, బానెట్ చల్లబడితే చలేస్తోందని ఏడుస్తుంది కాబట్టి. స్టీరింగు ముందు కూర్చుని శ్రీశైలం ఘాట్ గురించి చెబుతాను. "ఎప్పుడెళ్దాం నాన్నా?" అంటుంది.

నిన్న సాయంత్రం మాత్రం జీపులో గొంతు శ్రీశైలం మాట ఎత్తలేదు. నా మెడ వెనకే, చాలా దగ్గరగా, గుసగుసగా అడిగింది.

"నాన్నా... నీ పేరేంటి?"

"ఎందుకమ్మా?"

"చెప్పు నాన్నా. నేను పిలుస్తా. మూడుసార్లు."

నేను చెప్పలేదు. గొంతు బాలదే, ఆ గారమూ బాలదే. కానీ బాలకి నా పేరు తెలుసు. మాటలొచ్చిన దగ్గర్నుంచీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ, ఇంటిపేరుతో సహా, గడగడా చెప్పేది.