అందింపు తాత అడిగిన పాదం

ఆ ప్రార్థన మందిరం పైమేడకు చీకటి పడ్డాక ఎవరూ ఎక్కరు. ఊడ్చే మనిషి కూడా చీపురు మెట్టు మీదే పడేసి పోతుంది. అక్కడ అందింపు తాత ఉన్నాడట.

పాటల పుస్తకాలు లేని రోజుల్లో ఆయన ఒక్కో పాదం ముందు పలికి అందించేవాడు — కింద జనమంతా దాన్నే రాగం తీసి పాడేవాళ్లు. మనిషి పోయినా గొంతు పోలేదని చెప్పుకుంటారు.

ఆ మందిరంలో పాత కీర్తనలు పాడే పాటల పెద్దమ్మకు దెయ్యాలంటే హడల్. అంతకంటే హడల్, మేనకోడలంటే. గాయక బృందాన్ని నడిపేది ఆ పిల్లే.

"అత్తా, ఆ పాత కీర్తన ఇంకెవరికీ రాదు. రేపు కూడా చివరి పాదం దగ్గర తెల్లమొహం వేశావో, పాట తీసేస్తాను. నిన్ను వెనక వరసలో కూర్చోబెడతాను."

"వెనక వరసెందుకే, గేటు బయట కుర్చీ వెయ్యి. చెప్పులకి కాపలా ఉంటాను."

మాటకు మాట అన్నదే గానీ, ఎంత తన్నుకున్నా ఆ పాదం గుర్తు రావడం లేదు. తెలిసిన మనిషి ఒక్కడే... ఆయన బతికి లేడు. అదొక్కటే ఇబ్బంది.

దీపాలు ఆర్పే వేళకి గుండె చిక్కబట్టుకుని మేడెక్కి, మొదటి పాదం ఎత్తుకుంది.

"గూడు లేని పిట్టకైనా కొమ్మ చూపినావు..."

మూలనుంచి పొడిదగ్గు. ఆ తర్వాత, మెల్లగా — రెండో పాదం!

కాళ్లు పారిపొమ్మన్నాయి, పాట ఉండమంది. ఆయన అందించాడు — ఆమె పాడింది. అందించాడు — పాడింది. ఇక చివరిదే మిగిలింది.

ఆమె చెవి రిక్కించింది.

చెవి పక్కనే, చల్లగా...

"అమ్మాయ్... ఆ చివరిది నీకేమైనా గుర్తుందా?"

"అయ్యో తాతా... మీక్కూడానా?"

"పోయినప్పట్నుంచీ ఎవర్నైనా అడుగుదామనే చూస్తున్నా. నోరు తెరిస్తే చాలు, అందరూ ఒకటే పరుగు!"

ఆమెకు జాలేసింది. వరసకు సరిపోయేలా అక్కడికక్కడే ఒకటి అల్లేసింది — "పేరు మరచిన నాలుక మీద పాటవై నిలిచావు."

"ఆఁ... అదే! అచ్చం అదే!"

హమ్మయ్య, నమ్మేశాడు అనుకుంది.

మర్నాడు మందిరం కిటకిటలాడింది. పాట సాగింది. చివరి పాదానికి ఆమె ఇంకా ఊపిరి తీసుకుంటూనే ఉంది — అంతలో జనమంతా, ముసలీ ముతకా, కళ్లు మూసుకుని ఒక్క గొంతుతో ఎత్తుకున్నారు.

"పేరు మరచిన నాలుక మీద..."

రాత్రి పైమేడ మీద పెద్దమ్మ అప్పటికప్పుడు అల్లిన పాదమది, ఎవరికీ చెప్పనేలేదు.

మేనకోడలు ఆమె చెవిలో గుసగుసలాడింది. "అందరికీ వచ్చే పాదమే కదా అత్తా! నువ్వొక్కదానివే ఎలా మరచిపోయావు?"