స్కాలిన్ కొండ కింది సొరంగం

టౌన్‌హాల్ గోపురం మీంచి మనిషి పడ్డప్పుడు స్కాలిన్ సంతలో ఇంకా బుట్టలు దించుతున్నారు. 1938 సెప్టెంబర్, శనివారం, ఉదయం ఆరున్నర. గడియారానికి నూనె వేయడానికొచ్చిన మెకానిక్ కాలు జారి పడ్డాడని ఊరంతా అనుకుంది. అతను మెకానిక్ కాదనీ, మిలిటరీ ఇంటెలిజెన్స్ ఏజెంట్ అనీ తెలిసినవాళ్లు బ్రనో ఆఫీసులో ఇద్దరే.

ఆ ఇద్దరిలో ఒకడు కర్నల్ ద్రాపల్. ఎనిమిదింటికి కెప్టెన్ విలెమ్ కొపెట్స్కీని పిలిచి, బల్లమీద ఒక టెలిగ్రామ్ పడేశాడు. అందులో రెండే మాటలు: ‘బీరు పులిసింది.’

“డైనమైట్ ఊళ్లోకి చేరిందని అర్థం,” అన్నాడు కర్నల్. “ఎక్కడ పెట్టారో చెప్పేలోపు రదిమ్‌ని గోపురం మీంచి తోసేశారు.”

విలెమ్ టెలిగ్రామ్ మడిచి బల్లమీద పెట్టాడు. తన పెళ్లిలో సాక్షి సంతకం పెట్టినవాడు రదిమ్.

“పదకొండూ నలభైకి స్కాలిన్ కొండ కింద సొరంగంలోంచి రైలు వెళ్తుంది. ఎనిమిది వందల మంది రిజర్వు సైనికులు. రాత్రి రేడియోలో పిలుపు విని పొలాల్లోంచీ, ఫ్యాక్టరీల్లోంచీ లేచొచ్చినవాళ్లు. జర్మన్ సరిహద్దు కోటల్లో ఫిరంగులున్నాయి, పేల్చేవాళ్లు లేరు.”

“రైలు ఆపేద్దాం సార్.”

“ఏ రుజువుతో? తెల్లారేసరికి నా దగ్గరికి ఇలాంటి పుకార్లు పదకొండొచ్చాయి. అన్నిటికీ రైళ్లాపితే శత్రువుకి డైనమైట్‌తో పనేముంది? సొరంగం రెండుసార్లు వెతికించాను. ఏమీ దొరకలేదు.” కర్నల్ కళ్లు నులుముకున్నాడు. “స్కాలిన్ టౌన్‌హాల్ స్క్వేర్‌లో ఫోటో స్టూడియో ఉంది. నడిపేది ఇర్మా వైలాండ్. మనకీ రిపోర్టులిస్తుంది, జర్మన్లకీ ఇస్తుంది.”

“నమ్మొచ్చా?”

“వద్దు. కానీ ఆవిడ తప్ప నీకు దిక్కులేదు.”

తొమ్మిదిన్నరకి బీరు సీసాల బిరడాలమ్మే ఏజెంట్ వేషంలో విలెమ్ మోటార్‌సైకిల్ మీద స్కాలిన్‌లో దిగాడు. గుండ్రటి కళ్లద్దాలు, చేతిలో శాంపిళ్ల పెట్టె. టౌన్‌హాల్ ముందు రాళ్ల మీద ఇసుక చల్లి ఉంది. దాని చుట్టూ తిరిగి వెళ్లి ఆడవాళ్లు ప్లమ్ పళ్లూ పుట్టగొడుగులూ బేరమాడుతున్నారు. మగవాళ్లు దాదాపు లేరు. విలెమ్ ఇసుక వైపు చూడకుండా స్టూడియోలోకి నడిచాడు.

గోడనిండా ఊరి ఫోటో కార్డులే. కొండమీది మూడు గోపురాల కోటభవనం చాటో, ఊరి ద్వారంలో ఇరుక్కున్న స్వీడన్ ఫిరంగి గుండు, నది వంపు. వాటి ముందు నల్లటి పట్టు బ్లౌజు, ఎర్రటి పెదాలు, పొడుగాటి సిగరెట్ హోల్డర్.

“గడియారం కనిపించని టౌన్‌హాల్ ఫోటో ఉందా అండీ?” అన్నాడు విలెమ్.

‘అది వాన పడినప్పుడే దొరుకుతుంది’ అనాలి ఆమె, అదే సంకేతం. పక్కన మనిషి ఉంటే మంచు అనాలి.

“మంచు పడినప్పుడు రండి,” అంది ఇర్మా నవ్వుతూ. ఆమె వెనక తెర కొద్దిగా కదిలింది. “ఈలోగా ఇది తీసుకెళ్లండి. బిరడాలమ్ముకునే ముఖానికి చాటో ఫోటో ఎక్కువే.”

వీధి మలుపు తిరిగాక కార్డు వెనక్కి తిప్పాడు. పెన్సిల్ రాత: ‘ఎక్కడ పెట్టారో నాకు చెప్పలేదు. స్తెహ్లిక్ మాస్టారు జర్మన్ ఏజెంటు కెస్లర్‌కి ప్లాన్ ఇచ్చాడు, ఆయన్ని అడగండి. పేల్చే మీట కెస్లర్ దగ్గర, చాటో టెర్రస్ మీద. నేను పక్కనే ఉంటాను. రెండు నిమిషాలు ఆపగలను. అంతకంటే ఆపలేను.’

ఇది ఉచ్చు కావచ్చు. అయినా నడవక తప్పదు.

రిటైరైన బడిపంతులు లుద్విక్ స్తెహ్లిక్ ముప్పై ఏళ్లుగా ఊరి చరిత్ర పుస్తకం రాస్తున్నాడు, వచ్చినవాళ్లకి ఊరు చూపిస్తున్నాడు. తలుపు తెరిచి, “ఇవాళ ఊరు చూపించడం లేదండీ, చూసేవాళ్లెవరూ రాలేదు,” అన్నాడు. విలెమ్ మిలిటరీ కార్డు చూపించి, కెస్లర్ పేరు ఎత్తాడు.

“చాటోలో అద్దెకుంటున్న ప్రొఫెసర్ గారా? ఏమైంది ఆయనకి?”

“మీరేం ప్లాన్ ఇచ్చారు మాస్టారూ?”

“మూడొందల ఏళ్ల కిందట స్వీడన్ సైన్యం ముట్టడించినప్పుడు మావాళ్లు తవ్వుకున్న నేలదారులు. బీరు కాచే బ్రూవరీ మంచుగది నుంచి చాటో దాకా వెళ్తాయి. రైలు సొరంగం తవ్వినప్పుడు ఒక దారిని అడ్డంగా కోసి ఇటుకలతో మూసేశారు. ఆ గోడ వెనక ఖాళీ ఉందని రైల్వేవాళ్లే మర్చిపో...” కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.

“నా పుస్తకం మా ఆవిడ కూడా చదవలేదు బాబూ. ఆయనొక్కడే కూర్చుని విన్నాడు. మూడు సాయంత్రాలు. నేనే గీసిచ్చాను. సంతకం కూడా పెట్టిచ్చాను.”

“ఏడవడానికి టైం లేదు. లేవండి.”

పోలీస్ ఠాణాలో ఒక సార్జెంటూ ఒక కానిస్టేబులూ మిగిలారు. టెలిఫోన్ తీగలు పదింటికే తెగిపోయాయి. రైలు ముందు సొరంగంలోకి, ఆ తర్వాతే స్టేషన్లోకి వస్తుంది. విలెమ్ కానిస్టేబుల్‌ని ఎర్రజెండా ఇచ్చి సైకిల్ మీద కొండ అవతలికి పంపాడు. సార్జెంటుని చాటో గేటు పక్కన దాక్కోమన్నాడు.

“లోపలికెళ్లి పట్టుకోనా సార్?”

“వద్దు. యూనిఫామ్ కనబడితే ఇప్పుడే మీట నొక్కేస్తాడు. సొరంగం కూలితే వెనకొచ్చే రైళ్లన్నీ ఆగినట్టే. రైలు దాటాక వెళ్లు.”

“దాటకపోతే?”

“అప్పుడూ వెళ్లు.”

మంచుగదిలోంచి నేలదారిలోకి దిగేసరికి పదకొండూ పది. ముందు మాస్టారు, చేతిలో కార్బైడ్ దీపం. దారి మోకాళ్లు వంచి నడిచేంత ఎత్తు.

“ఇక్కడే తల్లులు పసిపిల్లల్ని ఆరు వారాలు దాచి...” అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాడు. “అలవాటు బాబూ, క్షమించు.”

రెండో మలుపులో దారి ఆగిపోయింది. ఎదురుగా కొత్త సిమెంటు గోడ. విలెమ్ భుజంతో గుద్దాడు, కదల్లేదు. వాచీ పదకొండూ ఇరవైరెండు చూపిస్తోంది. గోడకి తల ఆనించి నిలబడిపోయాడు. రదిమ్ చచ్చిందీ, తను ఇంత దూరం వచ్చిందీ దీనికేనా?

“నీళ్లు పోవడానికి ఒక తూము ఉండేది,” అన్నాడు మాస్టారు మెల్లగా, నేలమీద తడుముతూ. “అది నేను గీయలేదు. ఆయన అడగలేదు.”

పలక లేపితే బురద వాసన గుప్పున కొట్టింది. విలెమ్ బోర్లా పడి పాకాడు. భుజాలు రాళ్లకి గీసుకుని చొక్కా చిరిగింది. వెనకే ముసలాయన రొప్పు వినిపించింది. వద్దన్నా ఆగలేదు.

అవతల, పాత ఇటుక గోడకి ఆనించి నాలుగు బీరు పీపాలు. ఒకదాని బిరడాలోంచి ఉక్కు చుట్టిన తీగ బయటికొచ్చి పైకి, చాటో వైపు పాకింది. విలెమ్ ఫౌంటెన్ పెన్ మూత తిప్పి అందులోని సన్నటి రంపం తీశాడు. నాలుగు లాగులకి బ్లేడు పుటుక్కున విరిగింది.

నేల సన్నగా వణికింది.

“రైలు,” అన్నాడు మాస్టారు.

ఎర్రజెండా అందలేదన్నమాట. విలెమ్ బిరడా చుట్టూ పోసిన తారుని గోళ్లతో గీకాడు. రాలేదు. మాస్టారు జేబులోంచి పెన్సిల్ చెక్కే చాకు తీసి అతని చేతిలో పెట్టాడు. తారు ముక్కలుగా ఊడింది. ఇంజన్ సొరంగంలోకి దూసుకొచ్చింది. గోడలోంచి ఇసుక రాలింది, దీపం ఆరిపోయింది. చీకట్లో వేళ్లకి చల్లటి రాగి గొట్టం తగిలింది. డిటొనేటర్, డైనమైట్‌ని రగిలించేది అదే. బలంకొద్దీ లాగి, తీగతో సహా తూములోకి విసరబోయాడు.

చేతిని వదిలీ వదలకముందే అది పేలింది.

రెండు వేళ్లు పోయాయని అతనికి తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇటుకల అవతల పెట్టె తర్వాత పెట్టె దడదడలాడుతూ వెళ్లడం, ఎనిమిది వందల గొంతులు ఏదో పాట పాడడం వినిపించాయి. మాస్టారు అతని చేతికి తన మఫ్లర్ చుడుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

విలెమ్ చాటో టెర్రస్ ఎక్కేసరికి సార్జెంటు కెస్లర్‌ని నేలకి అదిమిపట్టి కూర్చున్నాడు. ఇర్మా రెయిలింగ్‌కి ఆనుకుని ఉంది. కడుపు మీద పట్టు బ్లౌజు తడిసిపోయింది. ఆమెని కాల్చాకే కెస్లర్ మీట దాకా వెళ్లగలిగాడు.

“రైలు?” అని అడిగింది.

“వెళ్లిపోయింది.”

“ఎంతసేపు ఆపాను?”

“సరిపోయినంత.”

“మీ కర్నల్‌కి చెప్పండి,” అంది. “ఆఖరికి నేనెవరి మనిషినో తేల్చుకుంటాడు.” విలెమ్ ఆమె కళ్లు మూశాడు. కొండ అవతల బీచ్ చెట్ల మధ్య కానిస్టేబుల్ తొడలో గుండుతో, చేతిలో జెండాతో దొరికాడు. అతను బతికాడు.

వారం తిరక్కుండానే మ్యూనిక్‌లో నాలుగు దేశాల పెద్దమనుషులు ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. సరిహద్దు కోటలన్నీ ఒక్క గుండూ పేల్చకుండా జర్మన్లకి అప్పగించేయాలని ఆర్డరొచ్చింది. ఆ ఎనిమిది వందల మందీ అదే రైల్లో తిరిగొచ్చారు. ఈసారి పాటల్లేవు. కట్టు కట్టిన చేత్తో విలెమ్, పక్కన మాస్టారు, ప్లాట్‌ఫాం మీద టోపీలు తీసి నిలబడ్డారు.

స్టేషన్ ఫోన్లో కర్నల్ గొంతు బొంగురుగా ఉంది. “సొరంగం బాగానే ఉందా కెప్టెన్?”

“బాగుంది సార్,” అన్నాడు విలెమ్. “పోవడానికీ పనికొచ్చింది, రావడానికీ పనికొచ్చింది.”