అసలుది ఆ తలుపొక్కటే

ధడేల్!

ఓస్నియెల్ స్టీరింగు వదిలేసి రెండు చెవులూ మూసుకున్నాడు. పంతొమ్మిది వందల యాభై రెండు నాటి షెవర్లే కారు నిలువెల్లా వణికింది.

"ఓ టీచరమ్మా! అది కారు తలుపు, మీ ఇంట్లో ఫ్రిజ్జు కాదు!"

"మా ఫ్రిజ్జు ఇంత ముసలిది కాదు లెండి. దాన్ని మర్యాదగానే మూస్తాను," అంది మాయ్‌దెలీస్, కిటికీ పక్కన సర్దుకుంటూ.

ఇద్దరికీ మధ్యలో కూర్చున్న ఓస్నియెల్ తాత ఎవరిస్తో మీసాల్లో నవ్వుకున్నాడు. వెనక సీటులో వాళ్లూ నవ్వారు. వెదాదో పేట నుంచి పాత హవానా దాకా ఈ షేర్ టాక్సీలో ఇది రోజూ ఉండే వినోదమే.

ఓస్నియెల్ బాధ ఓస్నియెల్‌ది. కారు ఇంజను రష్యన్ లారీది, బ్రేకులు ఏదో జీపువి, దీపాలు ఎక్కడివో తాతకే గుర్తులేదు. అమెరికా నుంచి ఓడ దిగిన నాటిది ఆ తలుపొక్కటే మిగిలింది. నానమ్మ పెళ్లికూతురుగా ఎక్కింది అందులోంచే. దాన్ని ఈ పిల్ల ఏడాదిగా బాదేస్తోంది, అతను అరుస్తాడని తెలిసి మరీ! అయినా ఆమె ఎక్కే మలుపు దగ్గర అతను రోజూ అరనిమిషం ఎక్కువే ఆగేవాడు.

ఆ సోమవారం మాత్రం తలుపు మెత్తగా మూసుకుంది.

"హమ్మయ్య! ఇన్నాళ్లకు దారికొచ్చారు!" ఓస్నియెల్ సంబరంగా హారన్ కొట్టాడు. మాయ్‌దెలీస్ నవ్వలేదు.

తాత మోచేత్తో పొడిచాడు. "మురిసిపోకురా సన్నాసీ. మీ నానమ్మ నాతో మెత్తగా ఉందంటే పుట్టింటికి పోతోందని అర్థం."

"ఏంటండీ, ఒంట్లో బాగాలేదా?"

"మతాన్సాస్ ఊళ్లో బడికి రమ్మన్నారు. ఇవాళ ఆఫీసులో ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. చివరి రోజు కదా, పోనీలే పాపమని..."

ఏడాదంతా గడగడా వాగిన ఓస్నియెల్ ఇప్పుడు మాటలన్నీ మింగి కారును నత్తలా నడిపాడు. అయినా ఆఫీసు రానే వచ్చింది. ఆమె దిగి, మళ్లీ మెత్తగానే తలుపు మూసింది.

"చెప్పవయ్యా బాబూ! అవతల మాకు ఆలస్యమవుతోంది!" అని వెనక సీటులోంచి రొట్టెల సంచి ఆవిడ అరిచింది.

ఓస్నియెల్ కిటికీ వైపు వంగి తాత ఒళ్లో పడ్డంత పని చేశాడు. "మాయ్‌దెలీస్! వెళ్లకు. నువ్వు బాదకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. నువ్వంటే నాకిష్టం. జీవితాంతం బాదుకో!"

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఈ ముక్క చెప్పడానికి ఏడాది పట్టిందా? ఇంకెంత బాదాలి నిన్ను లేపడానికి?"

గిరుక్కున వెనక్కొచ్చి ఎక్కింది.

ధడేల్!

తలుపు లోపలి పిడి ఊడి ఆమె చేతిలోకొచ్చేసింది.

"అయ్యయ్యో! తాతగారూ, నానమ్మగారి తలుపు!"

"పోనీలేవే తల్లీ," అన్నాడు తాత కళ్లు తుడుచుకుంటూ. "అప్పుడావిడ ఎక్కింది, ఇప్పుడు నువ్వెక్కావు. దాని పని అయిపోయింది."

"మరి నేనెలా దిగాలి?"

"నేను తప్పుకుంటే ఇటునుంచి దిగొచ్చు," అన్నాడు ఓస్నియెల్ గేరు వేస్తూ. "తప్పుకోను."