సడలిన పట్టు

"రాచమ్మత్త చెయ్యి పడితే నేను విడిపించుకునుడు ఏం గొప్ప సార్? బయట పట్టుకునేటోడు అరవై ఏండ్ల ముసలమ్మ ఉంటడా?"

మొదటి రోజే ఫెబా అడిగిన ప్రశ్న ఇది. చర్చి హాల్లో ఆడవాళ్లందరూ నవ్వారు. రాచమ్మ కూడా నవ్వింది.

నథానియేల్ నవ్వలేదు. అతను సైన్యంలో కొత్త జవాన్లకు ఒట్టి చేతులతో పోరాడటం నేర్పుతాడు. రెండు నెలల సెలవు మీద బీదర్ వచ్చాడు. పాస్టరుగారు అడిగితే, ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లకు ఆత్మరక్షణ నేర్పడానికి ఒప్పుకున్నాడు. పెళ్లికాని పిల్లల చెయ్యి తాను పట్టుకుంటే బాగుండదని ఆ పని రాచమ్మకు అప్పగించాడు.

"జవాన్లకు గూడ రాచమ్మత్తనే పడ్తదా సార్?"

"లేదు. నేనే పడ్త."

"మరి నన్ను గూడ మీరే పట్టుర్రి."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఫెబాకు మాత్రం ఇది ఆట కాదు. బీదర్ పక్కనే కొల్హార్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది. పోయిన నెల షిఫ్టు దిగి ఆటో కోసం నిలబడితే ఎవడో చెయ్యి పట్టి లాగాడు. తోటివాళ్లు అరవడంతో పారిపోయాడు. అప్పటినుంచి తల్లి దేవమ్మ పనికి పోనివ్వకుండా మానెయ్యమంటోంది. ఫెబా పోరగా పోరగా ఆమె చివరికి ఒక మాటకు వచ్చింది.

"ఆ మిలిట్రీ పిలగాని పట్టు విడిపించుకోని నాకు చూపెట్టు. అప్పుడు పో."

ఫెబా నాలుగు ఆదివారాలు నేర్చుకుంది. బలం పెట్టి గుంజకూడదు. పట్టుకున్నవాడి బొటనవేలి వైపు మణికట్టు తిప్పాలి. గట్టిగా అరవాలి. చర్చిలో అందరూ అతన్ని బ్రదర్ అంటే ఫెబా ఒక్కతే సార్ అనేది.

"మాకందరికి బ్రదర్, నీకొక్కదానికే సారా?" అంది రాచమ్మ.

"నాకున్న అన్నలు చాలు అత్తా."

ఆ మాట వినబడి నథానియేల్ కిటికీ వైపు తిరిగి, కురవని వానను చాలాసేపు చూశాడు.

ఐదో ఆదివారం దేవమ్మ వచ్చి ముందు కూర్చుంది. నథానియేల్ ఫెబా చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఒక్కసారి తిప్పింది. చెయ్యి వచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

దేవమ్మ కళ్లు తుడుచుకుంది. "పో బిడ్డా, రేపట్నుంచి పనికి పో."

ఫెబా కదలలేదు. "సార్, మీరే ఇడిసిపెట్టిన్రు."

"లేదు..."

"నేను తిప్పకముందే మీ వేళ్లు వదులైనయ్."

"నీ నౌకరి పోవద్దని..."

"రేపు రోడ్డు మీదోడు నా నౌకరి కోసం ఇడుస్తడా? గట్టిగ పట్టుర్రి. జవాన్లను పట్టినట్టు పట్టుర్రి."

పట్టాడు. మొదటిసారి రాలేదు. దేవమ్మ లేచి నిలబడింది. రెండోసారీ రాలేదు. మణికట్టు కందిపోయింది.

ఫెబా గుండె నిండా ఊపిరి పీల్చింది. "వదులు!" అని హాలు అదిరేలా అరిచింది. వెనక్కి గుంజకుండా ఒక అడుగు అతని దగ్గరికే వేసి, మోచెయ్యి ముందుకు తోసి తిప్పింది. పట్టు ఊడింది. ఆ ఊపులో మోచెయ్యి తగిలి అతని పెదవి చిట్లింది.

ఈసారి ఎవరికీ చప్పట్లు గుర్తుకురాలేదు.

"ముందుగాల ఎందుకు వదిలినవయ్యా?" దేవమ్మ అడిగింది.

"నొప్పైతదని, అమ్మా."

"జవాన్లకు కాదా నొప్పి?"

నథానియేల్ రుమాలు పెదవికి అద్దుకున్నాడు. "ఫెబా అంటే నాకిష్టం. అందుకే వదిలిన. తప్పే చేసిన."

"ఆ తప్పు మల్ల చేస్తరా?" అంది ఫెబా.

"చెయ్య."

"అయితే నాకు గూడ ఇష్టమే."

"స్తోత్రం!" అంది రాచమ్మ, అందరికంటే ముందు.

దేవమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కూతురి చేతిని తన చేతిలోకి తీసుకుని కందినచోట మెల్లగా రుద్దింది.

"మీ అమ్మను ఇంటికి తోల్కరా. చాయ తాగుకుంట మాట్లాడుకుందం. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్న. పెండ్లైనంక గూడ నా బిడ్డ కొల్హార్ పనికి పోతది. మాన్పిచ్చెటట్టుంటే ఇప్పుడే చెప్పు."