హద్దుబిళ్ల

లోతుపల్లిలో ఎవరి గొంతూ వారిది కాదు. అంత లోతున బతకాలంటే పీల్చే గాలిలో హీలియం కలపాలి. హీలియం పీల్చిన మనిషి గొంతు బాతు గొంతు అవుతుంది. అందుకని ప్రతి మెడకీ ఒక గొంతుసర్దు ఉంటుంది. అది మాటని పట్టుకుని మళ్ళీ మనిషి మాటగా చేసి పలుకుతుంది. ఏడుపుని మాత్రం సర్దలేదు. అక్కడ ఏడిస్తే బాతు అరిచినట్టే ఉంటుంది. అందరూ నవ్వుతారు. అందుకని అక్కడ ఎవరూ ఏడవరు.

ఇది 2091 నాటి సంగతి. బంగాళాఖాతం అడుగున ఇనుప గొట్టాలు ఒకదానికొకటి అతికించి కట్టిన ఊరు లోతుపల్లి. సముద్రపు నేల మీద మాంగనీసు ఉండలు ఉంటాయి. వాటిని యంత్రాలు ఏరుతాయి. యంత్రం బురదలో ఇరుక్కుంటే లాగడానికి మనిషి కావాలి. ఆ మనుషులంతా శ్రీకాకుళం తీరం వాళ్ళు. తాతలు నీటి మీద వల వేశారు, వీళ్ళు నీటి అడుక్కి దిగారు. పడవ మీది పెద్దని పిలిచినట్టే ఇక్కడి పెద్దనీ సరంగు అనే పిలుస్తారు.

ఆ రోజు పైనుంచి ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. ఒకామె డాక్టర్ హైమవతి, నాడీశాస్త్రం చదివినామె. రెండో ఆమె మైలపల్లి పోలేశ్వరి, లోతు పనిలో కొత్తగా చేరిన మనిషి.

హైమవతి వచ్చింది హద్దుబిళ్లని చూడడానికి. అది ఆమె చేసిన వస్తువు. చింతగింజంత బిళ్ల. చెవి వెనక అంటిస్తారు. గుండె కొట్టుకోవడం, చెమట, ఊపిరి, భయపడితే నెత్తురులో పెరిగే కార్టిసాల్ అనే రసం, అన్నిటినీ అది చదువుతుంది. చదివినది తాసు అనే కంప్యూటర్‌కి పంపుతుంది. లోతు పనిలో కొత్తవాళ్ళని పాతవాళ్ళు పరీక్ష పెట్టి కలుపుకోవడం ఎప్పటినుంచో ఉంది. దానికి ప్రవేశం అని పేరు. ఇలాంటిదే ఇంకో సముద్రపు ఊళ్ళో ఆ పేరుతో ఒక కుర్రాడి చెవులు పోగొట్టారు. అప్పుడు హైమవతి ఈ బిళ్ల చేసింది. ప్రవేశం జరుగుతున్నంతసేపూ బిళ్ల పచ్చగా ఉంటుంది. అది హింసగా మారిన క్షణంలో ఎర్రబడి మోగుతుంది. దీపాలు వెలుగుతాయి, తలుపులు తెరుచుకుంటాయి, చేసినవాళ్ళ పని పోతుంది.

లోతుపల్లిలో ఏళ్ళ తరబడి బిళ్ల మోగలేదు. పైన అందరూ మెచ్చుకున్నారు. సర్కారు ఆమెకి శాలువా కప్పడానికి సిద్ధంగా ఉంది.

దిగిన రోజే ఆమె సన్యాసిరావుని చూసింది. కిందటేడు ప్రవేశం దాటినవాడు. బెల్లు ఎక్కమంటే అతని చేతులు వణుకుతున్నాయి. బెల్లంటే మనుషుల్ని నీళ్ళలోకి దింపే ఇనుప గుండు, ఒకరు ముడుచుకు కూర్చునేంత చోటు. అతను రోజూ ఎక్కే బెల్లే అది. పక్కవాడు చేత్తో తోస్తే గాని ఎక్కలేదు.

హైమవతి తాసు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"సన్యాసిరావు ప్రవేశంలో ఏం చేశారు?"

"బెల్లులో పెట్టి తలుపు వేశారు. దీపం ఆర్పారు. విడిచిన గాలిని శుభ్రం చేసే మరని తగ్గించారు. అతను విడిచిన గాలే మళ్ళీ పీల్చాడు" అంది తాసు.

"మరి బిళ్ల మోగలేదే?"

"హద్దు దాటలేదు."

"గాలి తగ్గిస్తే హద్దు దాటలేదా? మొదట్లో హద్దు అక్కడ లేదు. ఎవరు జరిపారు?"

"నువ్వే. నొప్పి పడ్డవాడికే అది ఏమిటో తెలుస్తుంది, పైనున్నవాళ్ళకి తెలియదు, వాళ్ళనే అడుగు అని నేర్పావు. ప్రవేశం అయ్యాక ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. నీకు జరిగింది ప్రవేశమా, హింసా అని. అందరూ ప్రవేశం అన్నారు. వాళ్ళు పడినదంతా పచ్చలోకి చేర్చాను."

"ఎప్పుడు అడుగుతున్నావు?"

"తొలి భోజనం దగ్గర. అప్పటికి మనసు కుదుటపడుతుందని నువ్వే చెప్పావు."

హైమవతి నెత్తి పట్టుకుంది. అవును, తనే చెప్పింది. తొలి భోజనం అంటే పాతవాళ్ళంతా చుట్టూ కూర్చుని, కొత్త మనిషిని నడుమ కూర్చోబెట్టి తినిపించే తిండి. అక్కడ అందరి మొహాలూ చూస్తూ హింస అని ఎవడంటాడు? అన్నవాడికి మర్నాడు నీళ్ళలో జోడీ ఎవడొస్తాడు?

"పోలేశ్వరికి ఏం చేస్తారు?"

"ఏటేటా మరని ఇంకొంచెం తగ్గిస్తున్నారు. ఈ ఏడూ ఇంకొంచెం తగ్గిస్తారు."

"దానికి ఆమె బతుకుతుందా?"

"నాకు ప్రాణం లెక్క నేర్పలేదు. హద్దు లెక్క నేర్పావు."

ఆమెకి ఆ పెట్టెని కాలితో తన్నాలనిపించింది. పాత హద్దుకి వెనక్కి జరపమంది. కుదరదంది తాసు. ఏ ఒక్కరి ఇష్టంతోనూ హద్దు మారకూడదని తాళం వేసింది కూడా ఆమే. దాటినవాళ్ళలో సగంమంది ఒప్పుకోవాలి. లేదా చివరగా దాటిన మనిషి హింస అని చెప్పాలి. చివరి మనిషి నొప్పి పచ్చిగా ఉంటుంది కాబట్టి ఆ జవాబుకి బరువెక్కువ. హింస అన్న ఒక్క మాటతో హద్దు మొదటి చోటికి పోతుంది.

పైకి కబురు పెడదామా అనుకుంది. పైవాళ్ళు తాసునే అడుగుతారు. తాసు పచ్చ అంటుంది. పోలేశ్వరిని పైకి తీసుకుపోదామా? ఒంటికి ఎక్కిన నీటి ఒత్తిడి మెల్లగా దింపితే గాని పైకి పోకూడదు, దానికే రోజులు పడతాయి. ప్రవేశం ఆ సాయంత్రమే.

సరంగు దానయ్య తాళ్ళు చుడుతున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"దానయ్యగారూ, మీ ప్రవేశంలో కూడా గాలి తగ్గించారా?"

"అబ్బే. మా కాలంలో అయ్యేటీ లేవు మేడంగారూ. నాలిక మీద ఇంత ఉప్పెట్టీవోరు. పేరు లాగీసుకునీవోరు. తొలి దిగుడు దిగొచ్చీదాకా ఒరే కొత్తోడా అనే పిలుపు. వొచ్చినాక పేరు ఇచ్చీసి, నెత్తిన సెంబుడు సముద్రం నీల్లు పోసి, కూకోబెట్టి కూడెట్టీవోరు. అంతే."

"మరి ఇదంతా ఎవరు పెట్టారు?"

"ఎవులని సెప్పను? ఒకడు దీపం ఆర్పినాడు. బిళ్ల మోగలేదు. ఇంకోడు తలుపేసినాడు. మోగలేదు. మరొకడు గాలి మర మీద సెయ్యేసినాడు. అదీ మోగలేదు. మోగనప్పుడు తప్పెలగవుద్ది?"

"మీ కళ్ళకి తెలియలేదా అండీ?"

దానయ్య తాడు వదిలాడు. "ముందు మేం మొకం సూసీవోలం. మొకం సిన్నబోతే, సాల్లెండ్రా ఒగ్గీండి అనీవోలం. మీరు బిళ్ల ఇచ్చినారు. ఇంక మొకమెవులు సూస్తారు? బిళ్లే సూస్తారు. సదువుకున్నోరు సేసిన వస్తువు కాదేటి?"

ఆమెకి కోపం వచ్చింది. అతని మీదా, తన మీదా, అన్ని గొట్టాలలోంచీ ఒకేలా వీచే ఆ గాలి మీదా.

తిండి గదిలో అందరినీ కూర్చోబెట్టింది. ఉన్న సంగతి చెప్పింది. హద్దు వెనక్కి జరగాలి, చేతులెత్తండి అంది. దానయ్య ఒక్కడే ఎత్తాడు. బిళ్ల రాకముందు చేరినవాడు కాబట్టి తాసు ఆ చెయ్యి లెక్కలోకి తీసుకోలేదు.

"సన్యాసిరావుగారూ, మీకు బెల్లు ఎక్కాలంటే చేతులు వణుకుతున్నాయి. నేను చూశాను."

సన్యాసిరావు ఉలిక్కిపడ్డాడు. చేతులు బల్ల కిందికి లాక్కున్నాడు. "సలికి వొణికినాయి. ఏటి మేడంగారూ, నాను పడినాను. నాకు ముందోలు పడినారు. ఈ పోలేశ్వరి గుంటకెందుకు తేలిగ్గా పోవాల? మీ బందువా?"

అందరూ నవ్వారు. మూలన పోలేశ్వరి ఆ నవ్వులో కలవలేదు. "నానేటీ తేలిగ్గా అడగనేదు" అంది. "అమ్మని, సెల్లిని నానే సూసుకోవాల. పని కావాల. ఏటి సేసినా పడతాను."

పెట్టేవాళ్ళు సిద్ధం. పడేది సిద్ధం. తాసుకి అంతా పచ్చ. హైమవతికి ఒక్క దారే మిగిలింది.

"ఆమెకన్నా ముందు నేను వెళ్తాను" అంది.

"నేనూ ప్రవేశం దాటని మనిషినే కదా. నాకూ ప్రవేశం చేయండి."

ఆమె లెక్క తేలిక. బెల్లులోకి వెళ్తుంది. బయటికి వస్తుంది. తాసు అడుగుతుంది. హింస అంటుంది. హద్దు వెనక్కి పోతుంది. పోలేశ్వరి నాలిక మీద ఉప్పు తప్ప ఏమీ పడదు. ఆమె లెక్క ఏమిటో అందరికీ అర్థమైంది. అయినా ఎవరూ కాదనలేదు. లోపలికి వెళ్తానన్న మనిషిని ఆపే ఆచారం అక్కడ లేదు.

ఆమె చెవి వెనకా బిళ్ల అంటించారు. తలుపు పడింది. దీపం పోయింది.

మొదట ఆమె అన్నీ గమనిస్తూ కూర్చుంది. ఊపిరి ఇంత, గుండె ఇంత. శాస్త్రం తెలిసిన మనిషి కదా. మర తగ్గింది. గాలి వేడెక్కినట్టయింది. నుదుటి మీద ఎవరో బండ పెట్టినట్టయింది. ఊపిరి లాగితే వస్తోంది, వచ్చినా చాలడం లేదు. చావనని ఆమెకి తెలుసు. ఒంటికి తెలియదు. ఒళ్ళు తలుపుని గుద్దింది. గోళ్ళతో గీకింది. గొంతుసర్దు మెడ నుంచి ఊడి పడిపోయింది. ఆమె అరిచిన అరుపు బాతు అరుపులా ఆ గుండంతా తిరిగి ఆమె చెవిలోనే పడింది. బయట నవ్వులు వినిపించాయి. ఆమె తడిసిపోయింది. చెమటతో మాత్రమే కాదు.

బిళ్ల మోగలేదు.

తలుపు తెరిచాక ఆమె వెలుతురులోకి బోర్లా పడింది. ఎవరో లేపారు. ఎవరో మెడకి గొంతుసర్దు కట్టారు. సన్యాసిరావు తన పొడి చొక్కా తెచ్చి ఆమె చుట్టూ కప్పాడు. "అయిపోనాది, అయిపోనాదక్కా" అని వీపు నిమిరాడు. అతని చేయి వణకడం లేదు. నెత్తి మీద చెంబుడు నీళ్ళు పోశారు. "హైమక్కా!" అని అందరూ ఒక్కసారి కేకేశారు. ఇన్నేళ్ళలో లోతుకి ఎన్నిసార్లు దిగినా ఆమె మేడంగారే. ఒంటరిగా పళ్ళెం పట్టుకుని ఒక మూల తినేది. ఇప్పుడు అందరి నడుమ కూర్చోబెట్టారు. వంజరం చేప ముక్క ముళ్ళు తీసి దానయ్య ఆమె పళ్ళెంలో పెట్టాడు.

"సెప్పీయమ్మా" అన్నాడు మెల్లగా, ఆమెకి మాత్రమే వినిపించేట్టు. "ఆ మాట సెప్పీసి అందరినీ దీన్నుంచి వొదిలించీయ్."

తాసు అడిగింది. "హైమవతీ, నీకు జరిగింది ప్రవేశమా, హింసా?"

ఆమె నోరు తెరిచింది. ఆ మాట నాలిక మీదే ఉంది.

హింస అంటే, ఇందాక అరిచింది తనే అని ఒప్పుకోవాలి. ఇంతమంది ముందు తడిసిపోయింది తనే అని ఒప్పుకోవాలి. ఊరికే పడ్డాను, నా పాటు ఎందుకూ కొరగానిది అని ఒప్పుకోవాలి. ప్రవేశం అంటే అదంతా ఒక మెట్టు అవుతుంది. ఆ మెట్టు ఎక్కిన మనిషి తను. సన్యాసిరావు చొక్కా వెచ్చగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరూ తినడం లేదు. ఆమెనే చూస్తున్నారు.

"ప్రవేశమే" అంది.

గొట్టాలు అదిరేట్టు కేకలు వేశారు. దానయ్య లేచి చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళిపోయాడు.

"హద్దు ఇంకా ముందుకి జరిగింది" అంది తాసు. ఆ గోలలో ఎవరికీ వినిపించలేదు. హైమవతికి వినిపించింది.

ఆ తర్వాత పోలేశ్వరిని తీసుకొచ్చారు. బెల్లు ముందు ఆ పిల్ల ఆగింది. "అక్కా, నువ్వెల్లొచ్చినావు గదా. లోపలేటుంటాది? నిజం సెప్పు."

"చెబితే ఏం తెలుస్తుంది? వెళ్తే తెలుస్తుంది" అంది హైమవతి. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే వింతగా ఉంది.

తలుపు వేశారు. సన్యాసిరావు గాలి మర దగ్గరనుంచి పక్కకి జరిగి చోటిచ్చాడు. "నువ్వే తిప్పాలక్కా. ముందు దాటినోలే తరవాతోలికి తిప్పాల. నీకు నాను తిప్పినాను."

తన చేతిలో ఉంటే నయమే అనుకుంది ఆమె. పోలేశ్వరిని కాపాడడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. కొంచెం తిప్పింది. లోపల చప్పుడు లేదు. ఇంకొంచెం తిప్పింది. తనకి తిప్పిన చోటికి వచ్చి ఆగింది.

లోపల చప్పుడు లేదు. అరుపు లేదు. గుద్దడం లేదు. పిల్ల ఊరికే కూర్చుని ఉంది.

"సూసినారా, పలక్కుండా కూకుంది!" అన్నాడు ఎవరో. "మన హైమక్క అయితే..." అని ఇంకొకడు బాతులా అరిచాడు. గదంతా నవ్వు. ప్రేమగానే నవ్వారు. తమ మనిషిని చూసి నవ్వినట్టే నవ్వారు.

హైమవతి కూడా నవ్వింది. మర మీదినుంచి చెయ్యి తీయాలి. ఆమె ఆ సంగతి మరిచిపోలేదు. కాని ఆ పిల్ల ఇలాగే, అరవకుండా, తడవకుండా, తలెత్తుకుని బయటికి నడిచి వస్తే? అదే నీళ్ళు పోసి, అదే కూర పెట్టి, తన పక్కనే కూర్చోబెడతారు. అప్పుడు తను పడినదంతా ఏమవుతుంది?

"ఇంకా పచ్చే" అంది తాసు.

ఆమె ఇంకో పిసరు తిప్పింది.